రసీదు బాపు పేరున, ఖోలీ అందరిది

ముంబయి నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, చాల్ (వరుస గదుల పాత భవనం) పేరు, సంఘం పేరు బయట పెట్టవద్దని కోరారు కాబట్టి అవి తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆయనకు 51 ఏళ్లు, బాపు అని పిలిచే తండ్రికి 78. తండ్రి 1966లో కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి బొంబాయి వెళ్లి, లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో సాంచాల (మరమగ్గాల) మీద పనికి కుదిరారు. 1971లో ఆ ఊరివాళ్లూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ 18 మంది తలా 150 రూపాయలు వేసుకుని, ఒక పాత చాల్‌లో కింది అంతస్తులో ఒక ఖోలీని, అంటే ఒంటి గదిని, పగ్డీ (కిరాయి హక్కు కోసం యజమానికి ముందే ఇచ్చే మొత్తం) కట్టి తీసుకున్నారు. పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. కిరాయి రసీదు ఒక్కరి పేరునే ఇస్తానన్నాడు యజమాని. పద్దెనిమిది మందిలో సంతకం పెట్టడం వచ్చినవాడు ఈయన తండ్రి ఒక్కడే. అలా రసీదు ఆయన పేరున వచ్చింది.

పగటి పాళీవాళ్లు పనికి వెళ్తే రాత్రి పాళీవాళ్లు అవే చాపల మీద పడుకునేవారు. ఊరికి మనియార్డర్లు పంపినా, ఊరి నుంచి ఉత్తరం వస్తే చదివించుకున్నా అక్కడే. ఊళ్లో చావు కబురు తెలిస్తే దారి ఖర్చులకు చందా వేసిందీ అక్కడే. 1982 మిల్లు కార్మికుల సమ్మె తర్వాత సగం మంది సిరిసిల్లకో భివండీకో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు పెళ్లాంపిల్లలతో వేరే కాపురాలు పెట్టారు. ఖోలీలో పడుకునేవాళ్లు లేకపోయారు గానీ, ఆదివారం కూర్చునేవాళ్లు మాత్రం తగ్గలేదు. గోడకు మార్కండేయుడి పటం, ఒక బల్ల, ఒక ఖాతా పుస్తకం. దానికి సంఘం అని పేరు పెట్టుకున్నారు తప్ప ఎక్కడా రిజిస్టర్ చేయలేదు.

ఇప్పుడా చాల్‌ను పడగొట్టి కొత్తగా కడుతున్నారు. వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. బిల్డర్ అతికించిన జాబితాలో కిరాయిదారుగా తండ్రి పేరు ఉంది. అంటే కొత్త భవనంలో ఫ్లాట్ ఆయనకే వస్తుంది. మార్కెట్లో దాని విలువ కోటి పైమాటే. ఠాణే దగ్గరి దివా అనే చోట అద్దె ఇంట్లో ఉంటున్న తమ్ముడు "మనం ఎవరిదీ దొంగిలించలేదు, చట్టం ఇస్తుంటే ఎందుకు వదలాలి" అంటున్నాడు. డబ్బు వేసిన 18 మందిలో ఇప్పుడు బతికున్నది తండ్రి కాక మరో ముగ్గురు. అందులో ఒకాయన, ఈయన చిన్నప్పటి నుంచీ కాకా అని పిలిచే మనిషి, ఫోన్ చేయడం మానేశాడు. "ఆయన ఏమీ అనకపోవడమే నాకు తిట్టులా ఉంది" అని రాశారు. చాల్‌ను తిరిగి కట్టడానికి కిరాయిదారులు ఇచ్చే సమ్మతి గురించి ఇంకో మాట కూడా ఉంది, ఐదో పేజీ చివర, చిన్న అక్షరాలతో: "ఎనిమిది నెలల కింద సమ్మతి పత్రం మీద బాపుతో సంతకం పెట్టించింది నేనే. సంఘంలో ఎవరికీ చెప్పలేదు."

తండ్రి ఇంతకుముందు ఆదివారాలు మాత్రమే వెళ్లేవారట. జాబితా అతికించిన రోజు నుంచీ రోజూ కల్యాణ్‌లో లోకల్ రైలు ఎక్కి, కరీ రోడ్‌లో దిగి, నడుచుకుంటూ వెళ్లి ఖోలీ గడప మీద కూర్చుని, చీకటి పడ్డాక వస్తున్నారు. రసీదులన్నీ గుడ్డసంచిలో వేసుకుని వెంట తీసుకెళ్తున్నారు. అడిగితే "మీ ఇష్టం, నాదేముంది" అంటారు. "ఫ్లాట్ తీసుకోవడం తప్పా? బాపును ఆ గడప మీద నుంచి ఎలా లేపాలి?" ఇవీ ఆయన ప్రశ్నలు.

అయ్యా, మొదట చదివినప్పుడు మీది ఆస్తి తగాదా ఉత్తరం అనుకున్నాను. వకీలును కలవండి అని సగం జవాబు రాసేశాను కూడా. గుడ్డసంచి దగ్గరకు మళ్లీ వచ్చాక ఆ కాగితం చింపేశాను.

మీ బాపు పాత చోటు మీద బెంగతో అలా కూర్చుంటున్నారని మీరు రాశారు. నాకలా అనిపించలేదు. బెంగ ఉన్నవాడు రసీదులు మోసుకుని ఎందుకు వెళ్తాడు? బెంగే అయితే ఇంతకుముందులాగే ఆదివారం వెళ్తే సరిపోతుంది, నలుగురూ దొరికేది ఆ రోజే. ఆయన వెళ్తున్నది ఎవరూ ఉండని రోజుల్లో. అది కాపలా. యాభై నాలుగేళ్ల కింద పదిహేడు మంది వేలిముద్రగాళ్లు "నీకు సంతకం వచ్చు, నీ పేరున ఉండనీ" అన్నారు. ఆ మాటను ఆయన ఇప్పటికీ డ్యూటీలాగా చేస్తున్నారు. ఇప్పుడు ఆ పేరే సొంత కొడుకులకు కోటి రూపాయల ఆస్తి అయింది. ఆయన ఎవరి పక్షాన మాట్లాడాలి? అందుకే "మీ ఇష్టం" అంటున్నారు. పిల్లలకు అడ్డుపడలేక, ఆ పదిహేడు మందికి మాట తప్పలేక అనే మాట అది. దాన్ని అనుమతిగా తీసుకోకండి.

సమ్మతి సంతకం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఉత్తరం మొత్తంలో మిమ్మల్ని ఎక్కువగా తింటున్నది అదే. చాల్ పోవడానికి మీరు కారణం కాదు. మీది సెస్ (పాత భవనాల మరమ్మతుల కోసం వసూలు చేసే పన్ను) కట్టే భవనమని రాశారు. అలాంటి భవనాలను తిరిగి కట్టడానికి కిరాయిదారుల్లో 51 శాతం మంది సమ్మతి చాలు. మీ బాపు సంతకం పెట్టకపోయినా పని ఆగేది కాదు. పైగా గోడల్లో రావిచెట్లు మొలిచిన భవనాన్ని అలాగే నిలబెట్టాలని మీ ఆదివారం పెద్దల్లో కూడా ఎవరూ కోరుకుని ఉండరు. సంతకం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. అది ఇంకా సరిదిద్దుకోగలిగిన తప్పు, ఎందుకంటే చెప్పాల్సిన ముగ్గురూ బతికే ఉన్నారు.

ఆ కాకా ఎందుకు ఫోన్ చేయడం లేదో మీకు తెలుసా? నాకూ తెలియదు. అలిగి ఉండొచ్చు. "నేను ఫోన్ చేస్తే వాటా కోసం అనుకుంటారేమో" అని సంకోచపడుతూ ఉండొచ్చు కూడా. మిల్లుల్లో పని చేసిన ఆ తరం మనుషులకు అడగడం చేతకాదు. మీరు ఎనిమిది నెలలు ఆయనకు చెప్పలేదు, ఆయన కొన్ని నెలలుగా మిమ్మల్ని అడగలేదు. ఇద్దరిలో ముందు మౌనం మొదలుపెట్టింది మీరు కాబట్టి, ముందు నోరు తెరవాల్సింది కూడా మీరే.

ఇక ఫ్లాట్ తీసుకోవడం తప్పా అన్న ప్రశ్న. చట్టం మీ తమ్ముడు అన్నంత తేలిక కాదు, మీరు భయపడుతున్నంత కష్టమూ కాదు. రసీదు బాపు పేరున ఉంది కాబట్టి బిల్డర్ ఆయననే కిరాయిదారుగా చూస్తాడు. కానీ ఆ ఖోలీలో మీ కుటుంబం ఎన్నడూ కాపురం చేయలేదు. చాల్‌లో అందరికీ ఆ సంగతి తెలుసు. యజమాని గానీ, పడని పొరుగువాడు గానీ ఒక్క అర్జీ పెడితే కాగితాల పని నెలల తరబడి సాగుతుంది. ఇంకొకటి, జాబితాలో అది నివాసంగా రాశారా, సంఘం ఆఫీసుగా రాశారా చూడండి. నివాసమైతే కొత్త భవనంలో కనీసం 300 చదరపు అడుగులు ఇవ్వాలి. నివాసం కానిదైతే పాత విస్తీర్ణమే, అంటే మీ లెక్కన 180 అడుగులే. ఏ కాగితం మీద ఏ మాట రాయిస్తే ఏమవుతుందో ముంబయి కిరాయి చట్టం బాగా తెలిసిన వకీలును అడిగి, ఆ తర్వాతే అగ్రిమెంట్ మీద బాపు చేత సంతకం పెట్టించండి. లేనిది ఉన్నట్టు మాత్రం రాయించకండి. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషిని అబద్ధం మీద సంతకం పెట్టమనడం వేరే పాపం.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంత వరకు ఇవి.

తమ్ముడు చెప్పినట్టు ఫ్లాట్ మీరే ఉంచుకోవచ్చు. తమ్ముణ్ణి దురాశపరుడని నేను అనను. దివాలో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, రోజూ లోకల్ గుంపులో ప్రాణం చేత పట్టుకుని వెళ్లే ఉద్యోగం. అతనికి ఈ ఖోలీ జ్ఞాపకం కాదు. బాపు ఆదివారాలు ఇంట్లో లేకపోవడానికి కారణం అది. బహుశా అదొక కోపం కూడా లోపల ఉంది, అడిగి చూడండి. కానీ ఆ దారిలో వెళ్తే జరిగేది ఇదీ: బాపు బతికినంత కాలం ఆ ఫ్లాట్‌లో అడుగు పెట్టరు. సిరిసిల్లలో పెళ్లికి వెళ్లినా, భివండీలో చావుకు వెళ్లినా మీ వెనక ఒక మాట నడుస్తుంది. దాన్ని తట్టుకోగలం అనుకునే కుటుంబాలు ఉన్నాయి. మీరు తట్టుకోగలిగితే నాకు ఆరు పేజీలు రాసేవారు కాదు.

ఫ్లాట్ మీరు ఉంచుకుని, ఆ పద్దెనిమిది మందికి డబ్బు లెక్క కట్టడం ఇంకో దారి. మీ మధ్యేమార్గం ఇదేనని ఉత్తరంలో రాశారు. వినడానికి న్యాయంగా ఉంది, లెక్కకు కూర్చుంటే చిక్కులే. 1971లో 150 రూపాయలు వేసిన వారికి ఇవాళ ఎంత? తర్వాత ఇరవై ఏళ్లు నెలనెలా కిరాయి, రిపేర్లు కట్టినవాళ్ల మాటేమిటి, వాళ్లు పద్దెనిమిది మందిలో లేరు కదా? సమ్మె తర్వాత వెళ్లిపోయినవాళ్ల మనవలు కోరుట్లలోనో వేములవాడలోనో ఉంటారు, వాళ్లను ఎవరు వెతుకుతారు? మీ ఖాతా పుస్తకం బాగా ఉంటే ఈ దారి నడుస్తుంది. సగం పేజీలు చెదలు తినేసి ఉంటే మాత్రం ప్రతి ఇంటికీ ఒక కొత్త అనుమానం పంచిపెట్టినట్టు అవుతుంది. డబ్బు పంచితే సంఘం కూడా ఆ రోజుతో అయిపోయినట్టే, అది తెలిసే చేయండి.

మూడోది, సంఘం పేరున చేయడం. దీనికి ముందు సంఘం అనేది కాగితం మీద ఉండాలి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉంటే నమోదు చేయవచ్చు. మహారాష్ట్రలో అది పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందకూ వస్తుంది, ఏటా లెక్కలు చూపించాలి. ఒకసారి అలా రాసుకున్నాక వెనక్కి తిరగడం లేదు. రేపు సంఘం మూసేయాలన్నా సభ్యులు ఆస్తిని పంచుకోవడానికి వీల్లేదు, అలాంటి ఇంకో సంఘానికే ఇవ్వాలి. మీ తమ్ముడికి గానీ, పద్దెనిమిది మంది మనవలకు గానీ ఒక్క రూపాయి రాదు. కిరాయి హక్కు మార్చడానికి యజమాని ఒప్పుకోవాలి, ఆయన ఉత్తినే ఒప్పుకోడు. పైన కొత్త భవనంలో నెలనెలా మెయింటెనెన్స్. నలుగురు ముసలాళ్లు ఎంతకాలం కడతారు? ఏ పన్నెండో అంతస్తులోనో ఫ్లాట్ వస్తే, ఆదివారం పదకొండు మంది చెప్పులు వరండాలో కనిపించిన మొదటి వారమే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. చాల్‌లో గడప అందరిది. టవర్‌లో వాచ్‌మన్ దగ్గర పేరు రాసి లోపలికి రావాలి. సంతకం రానివాళ్లు పెట్టుకున్న సంఘానికి ఇది కాస్త ఎగతాళిగానే ఉంటుంది.

అయినా ఈ మూడో దారిని ఎందుకు చెబుతున్నానంటే, ముంబయిలోనే దీనికి ఒక ఆనవాలు ఉంది. గోవా నుంచి ఓడ పనికి వచ్చినవాళ్లు ధోబీ తలావ్ చుట్టుపక్కల ఊరి పేరున క్లబ్బులు పెట్టుకున్నారు, కూడ్‌లు అంటారు. ఓడ వచ్చేదాకా అక్కడ పెట్టె పెట్టుకుని పడుకోవడం, వెళ్లిపోవడం. పైసలు తక్కువ, నియమాలు ఎక్కువ. వాటిలో కొన్ని ఈనాటికీ నడుస్తున్నాయంటే నాకు తోచిన కారణం ఒకటే, అవి మనిషి పేరున కాక ఊరి పేరున ఉన్నాయి. ఊరు చచ్చిపోదు, దానికి కొడుకులు ఉండరు. మనవాళ్లు అప్పట్లో ఆ పని చేయలేదు. తప్పు పట్టడానికి లేదు, రాత్రి పాళీ దిగి వచ్చినవాడికి రిజిస్ట్రార్ ఆఫీసు ఎక్కడుందో ఎవరు చెబుతారు?

నాలుగోది నాకు మీ ఉత్తరం చదువుతుంటే తోచింది, మీరు రాయలేదు. ఇప్పుడు ఆదివారం వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? మీ లెక్క ప్రకారమే పదకొండు మందిలో ఏడుగురు కల్యాణ్, డోంబివ్లీ, భివండీల నుంచి. లోయర్ పరేల్‌లో ఎవరూ లేరు. వాళ్లు పని చేసిన మిల్లులూ లేవు. ఆ పేటలో ఒక మిల్లు ఇప్పుడు మాల్ అయింది, మిగిలినవాటిలో చాలా గాజు ఆఫీసులు. మీ బాపు కరీ రోడ్‌లో దిగి ఆ గాజు పక్కన నడుచుకుంటూ వెళ్తున్నారు. కాబట్టి వచ్చే ఫ్లాట్‌ను అలాగే అంటిపెట్టుకోవాల్సిన పని లేదు. అగ్రిమెంట్ షరతులు ఒప్పుకుంటే దాన్ని అద్దెకిచ్చి, ఆ అద్దెలో కొంత భాగంతో కల్యాణ్ దిక్కున రైలు దిగి నడిచేంత దూరంలో ఒక చిన్న గది తీసుకోవచ్చు. మిగతా అద్దెలో తమ్ముడికి ఎంత, సంఘానికి ఎంత అన్నది రాసుకోవచ్చు. ఇది పూర్తి న్యాయం కాదు. సంఘం హక్కును మీ కుటుంబం చేతిలోనే ఉంచడం, రేపు మీ పిల్లలు కాదంటే అడిగే దిక్కుండదు. కానీ తమ్ముణ్ణి శత్రువును చేయకుండా, ఆదివారాన్ని చంపకుండా నడిచే దారి ఇదొక్కటే నాకు కనిపించింది. ఇక్కడ కూడా కాగితం కావాలి. నోటి మాట మీద నడిచినందుకే కదా ఇవాళ ఈ ఉత్తరం.

చోటు ముఖ్యం కాదు మనుషులే ముఖ్యం అని మిమ్మల్ని ఓదార్చను, అది సగమే నిజం. ఆ గోడకు ఆనుకుని యాభై ఏళ్లు కూర్చున్న మనిషికి కొత్త గదిలో వీపు ఎక్కడ ఆనించాలో తెలియడానికే చాలాకాలం పడుతుంది. కొందరు రారు. ఆదివారం పదకొండు మంది ఆరుగురవుతారు. దానికి సిద్ధపడండి, సంఘం చచ్చిపోయిందని అప్పుడే అనుకోకండి.

ఈ నాలుగింటిలో ఏది ఎంచుకోవాలో నేను చెప్పను, చెప్పినా మీరు వినకూడదు. మీరూ ఎంచుకోకూడదు, అదే నా మాట. ఎంచుకోవాల్సింది బాపు, ఆ ముగ్గురు పెద్దలు. ఇద్దరు కొడుకులు అక్కడ కూర్చుని వినాలి. ఖాళీ చేసేలోపు నాలుగైదు ఆదివారాలు ఉన్నాయి కదా. రాబోయే ఆదివారమే పెట్టండి. కాకాకు ఫోన్ చేయకండి, ఇంటికి వెళ్లి పిలవండి. భివండీలో ఉన్నాయన నడవలేరని రాశారు, ఆటోలో తీసుకురండి, ఖర్చుకు చూసుకోకండి. తమ్ముణ్ణి తప్పకుండా రమ్మనండి, తగాదాకు కాదు, వాళ్ల నోటితో ఆ 150 రూపాయల కథ వినడానికి. అతను ఒక్కసారైనా విన్నాడో లేదో.

సమావేశం మొదట్లోనే, ఇంకెవరూ మాట్లాడకముందే, సమ్మతి సంతకం సంగతి మీరే చెప్పేయండి. సమర్థించుకోవద్దు. ఆ తర్వాత బాపును అందరి ముందూ అడగండి: "ఈ రసీదు ఎవరిది?" ఆయన ఏమంటారో నేను ఊహించగలను, మీరూ ఊహించగలరు. కానీ ఆయన నోటితో, ఆ ముగ్గురి ముందు అనాలి. ఇంట్లో మీతో అంటే అది తండ్రి మాట. అక్కడ అంటే లెక్క అప్పజెప్పినట్టు. ఆ ముగ్గురూ "నీ పిల్లలే తీసుకోనీ" అన్నా అనొచ్చు, అలాంటి మనుషులే. అలా అంటే ఆ రోజే ఖాతా పుస్తకంలో రాయించి సంతకాలు, వేలిముద్రలు వేయించండి. "వద్దు, సంఘానికే ఉండాలి" అంటే అదీ రాయించండి. వాళ్లలో వాళ్లకు కుదరకపోయినా మంచిదే, ఎవరేమన్నారో రాసి పెట్టుకోండి. వకీలు దగ్గరకు ఆ కాగితం తీసుకుని వెళ్లడానికీ, ఖాళీ చేతులతో వెళ్లడానికీ చాలా తేడా ఉంది.

బాపును గడప మీద నుంచి లేపే ప్రయత్నం అప్పటిదాకా చేయకండి. రోజూ వెళ్లనివ్వండి, వారంలో ఒకటి రెండు రోజులు మీరు సెలవు పెట్టి వెంట వెళ్లండి. ఖాతా పుస్తకం ప్రతి పేజీ ఫొటో తీయండి, ఏ పేరు ఎవరిదో ఆయనను అడిగి పక్కన రాసుకోండి. ఆ పేర్లు తెలిసిన మనుషులు ఇప్పుడు నలుగురే. మార్కండేయుడి పటం ఎవరింటికి వెళ్లాలో కూడా వాళ్లనే అడగండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ రోజు ఎక్కువసేపు మాటలు నడిచేది దీని మీదే అవుతుందని నా అనుమానం.

ఖాళీ చేసే రోజు తాళం మీరు వేయకండి, తమ్ముడి చేతికి ఇవ్వకండి. బాపు వేసి, తాళం చెవి ఎవరికి ఇవ్వాలనిపిస్తే వారికి ఇస్తారు. ఆ తర్వాత ఏం జరిగిందో వీలైతే రాయండి, కాకా ఫోన్ చేశారో లేదో కూడా.